తిరుపతిలో చిన్నపిల్లలకు సైన్స్ నేర్పే స్టార్టప్: యాప్ జోలికి వెళ్లేముందు చేయాల్సిన పనులు

ఎడ్యుటెక్ స్టార్టప్ అనగానే అందరి చూపూ యాప్ మీదికే పోతుంది. ఎవరితో చేయించాలి, ఎంతవుతుంది, ప్లేస్టోర్‌లో ఎప్పుడు పెట్టాలి అని అడుగుతారు. ఎనిమిదేళ్ల పిల్లకు సైన్స్ నేర్పడమే పనైతే ఈ ప్రశ్నలు ఆఖర్న రావాలి. ఆ వయసులో పిల్లలు చేత్తో ముట్టి, తడిపి, ఒకసారి చెడగొట్టి చూసినదాన్నే గుర్తుపెట్టుకుంటారు. వీడియో వేస్తే కళ్లార్పకుండా చూస్తారు, నిజమే. వారం తర్వాత అడిగితే మాత్రం అందులోని బొమ్మ రంగు చెబుతారు, విషయం చెప్పరు.

అందుకే ఈ గైడ్‌లో ఫోన్ ఉండేది టీచర్ చేతిలో. పిల్లల చేతిలో ఉండేవి కరక్కాయ పొడి, బెలూన్, గోలీలు. ఈ ఒక్క నిర్ణయం ముందే తీసుకుంటే ఖర్చు, సిబ్బంది, అమ్మకం అన్నీ దాన్ని బట్టే తేలతాయి.

1. మూడు తరగతులకు మించి పెట్టుకోకండి

ఒకటి నుంచి ఐదు దాకా అన్నీ చేద్దామనిపిస్తుంది. వద్దు. మూడు, నాలుగు, ఐదు తరగతులు చాలు. పరిసరాల విజ్ఞానం, అంటే ఈవీఎస్, పుస్తకంగా మొదలయ్యేది మూడో తరగతిలోనే. ఆరో తరగతి నుంచి అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు (బడిలోనే పిల్లలు పరికరాలు తయారు చేసి చూసే గదులు), సైన్స్ ఫెయిర్‌లు, చెకుముకి సైన్స్ పరీక్షలు అంటూ ఏదో ఒకటి అందుతుంది. మూడు నుంచి ఐదు వరకూ ఉన్న పిల్లలకు పుస్తకం తప్ప పెద్దగా ఏమీ లేదు. మీకు చోటున్నది అక్కడే.

ప్రభుత్వ పుస్తకాలు కొనుక్కుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకూ చదవండి. రాష్ట్రంలో చిన్న తరగతులకు తెలుగు, ఇంగ్లిష్ ఎదురెదురు పేజీల్లో ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి, క్యూఆర్ కోడ్ కొడితే దీక్షా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలోని పాఠాలు తెరుచుకుంటాయి. అంటే వీడియోల కొరత లేదు. ఉచితంగా దొరికేదాన్నే ఇంకోసారి తీసి అమ్మితే ఎవరు కొంటారు?

2. ఊళ్లో ఏముందో చూసి ఆలోచనలు ఏరుకోండి

ఏడాదికి ఎనిమిది లేదా పది పెద్ద ఆలోచనలు చాలు. గాలికి బలం ఉంది, కరిగింది మాయం కాలేదు, నీడ సూర్యుణ్ణి బట్టి కదులుతుంది, మొక్క మట్టిని తిని పెరగదు, ఈ తరహావి. ఒక్కోదానికి రెండు మూడు ప్రయోగాలు చేరిస్తే సంవత్సరానికి 24 పాఠాలవుతాయి. పరీక్షలు, పండగలు, సెలవులు పోను బడిలో నిజంగా చేయగలిగేది కూడా అంతే.

ఇక ఉదాహరణలు. ఈ విషయంలో తిరుపతి పిల్లలకు ఉన్న వసతి చాలా ఊళ్లకు లేదు.

కొండకు బస్సెక్కిన ప్రతి పిల్లాడికీ చెవులు దిబ్బడ వేయడం తెలుసు. తిరుపతి నుంచి తిరుమలకు సుమారు 700 మీటర్లు పైకి వెళ్తాం. గాలి ఒత్తిడి దాదాపు 8 శాతం తగ్గుతుంది. చెవిపొరకు లోపలున్న గాలి బయటికి నెడుతుంది, ఉమ్మి మింగితే సర్దుకుంటుంది. దీన్ని తరగతిలో చూపడానికి ఒక వాటర్ బాటిల్ అడుగు కోసి, అక్కడ చిరిగిన బెలూన్ ముక్క బిగించి, మూతి వైపు స్ట్రా పెడితే చాలు. ఊదితే పొర పొంగుతుంది, పీలిస్తే లోపలికి పోతుంది. స్ట్రా మాత్రం పిల్లకొకటి ఇవ్వండి, లేకపోతే మర్నాడు సగం తరగతికి జలుబు.

శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. గాలిలో దూరం కొలిస్తే ఊరి నుంచి 90 కిలోమీటర్లలోపే. ఆకాశం తేటగా ఉంటే రాకెట్ ప్రయోగం మిద్దె మీంచే కనిపిస్తుంది. ప్రయోగం ఉన్న వారం దారం మీద బెలూన్ రాకెట్ పాఠం పెట్టుకోండి. వెలుగు కనబడగానే 'చప్పుడేదీ?' అని పిల్లలే అడుగుతారు. ధ్వని అంత దూరం రావడానికి నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది, అప్పటికి అది వినలేనంత సన్నగిల్లుతుంది. ఐదో తరగతికి చక్కటి లెక్క కూడా.

గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల మన పక్కనే ఉంది. అక్కడి పెద్ద రాడార్ ఆకాశంలో పైపొరల గాలుల వేగాన్ని కొలుస్తుంది. దాని పేరు చెప్పి, బాటిల్‌తో వానమాపిని చేయించండి. వాన పాఠం కదా అని దీన్ని జూన్‌లో పెట్టకండి. మన వైపు అక్టోబర్, నవంబర్ నెలల్లో ఈశాన్య రుతుపవనాల వాన బాగా పడుతుంది కాబట్టి అప్పుడు పెట్టండి.

నీడ మాయమయ్యే రోజు పాఠం ఆగస్టుది. మన అక్షాంశానికి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వచ్చేది ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ ఆఖరి వారంలో ఒకసారి, ఆగస్టు 15 దాటిన ఒకటి రెండు రోజుల్లో ఇంకోసారి. ఏప్రిల్‌ది వేసవి సెలవుల్లో పోతుంది. ఆగస్టులో మధ్యాహ్నం 12.17 ప్రాంతంలో నిలువుగా పెట్టిన గ్లాసుకు నీడ ఉండదు. గడియారం 12 కొట్టాక ఇంకో పావుగంట ఎందుకు ఆగాలో ఐదో తరగతి వాళ్లకు చెప్పొచ్చు: దేశం గడియారం మనకంటే తూర్పునున్న రేఖను బట్టి నడుస్తుంది. మబ్బు పడితే పాఠం పోతుంది, దానికి బదులు పాఠం ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి.

ఘాట్ రోడ్డులో కనిపించే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ (వేర్వేరు కాలాల రాళ్ల పొరలు కలిసే చోటు), కొండ మీద సహజంగా ఏర్పడిన శిలాతోరణం రెండూ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలే. పాఠ్యాంశంలో పెట్టాలని చేయి దురద పెడుతుంది. కోట్ల ఏళ్ల కాలం అన్న ఊహ తొమ్మిదేళ్ల పిల్లకు అందదు. వాటిని పై తరగతులకు వదిలేయండి.

3. ఒకే ఒక్క పాఠాన్ని ఆఖరి చుక్క వరకూ తయారు చేయండి

ఇరవై పాఠాలు సగం సగం రాసుకోవడం కంటే ఒకటి పూర్తిగా చేసి నాలుగు బడుల్లో నడిపి చూడటం నయం. ఉదాహరణకు శ్రీకాళహస్తి కలంకారీ నలుపు రంగు తీసుకుందాం. కలంకారీలో గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెడతారు. తర్వాత తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన ద్రావణంతో గీస్తే గీత నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిసి నల్లటి పదార్థం పుట్టడమే ఇందులోని రసాయనం.

ముందస్తు పని పెద్దవాళ్లది. బెల్లం ద్రావణానికి చాలా రోజులు పడుతుంది కాబట్టి దగ్గరి దారి ఇది: అరగ్లాసు వెనిగర్‌లో గుప్పెడు తుప్పు మేకులు వేసి వారం ఉంచండి. మూత బిగించకండి, లోపల హైడ్రోజన్ వాయువు పుడుతుంది. వారం తర్వాత గుడ్డతో వడకట్టి, చుక్కలు వేసే చిన్న సీసాల్లో పోయండి. కరక్కాయ పొడి వనమూలికల కొట్లలో దొరుకుతుంది. రెండు చెంచాలు ఒక గ్లాసు వేడినీళ్లలో కలిపి చల్లారనిచ్చి వడకట్టండి. తెల్ల నూలుగుడ్డను అరచేతంత ముక్కలుగా కోసి పెట్టుకోండి.

తరగతిలో ఐదుగురు పిల్లలకు ఒక జట్టు. ఒక్కో జట్టుకు నాలుగు గుడ్డముక్కలు: ఒకటి ఉత్తది, మిగతా మూడూ కరక్కాయ నీళ్లలో తడిపినవి. ఇక్కడ టీచర్ నోరు కట్టేసుకోవడం ముఖ్యం. ముందు 'ఏమవుతుందనుకుంటున్నారు?' అని అడిగి, జవాబులు బోర్డు మీద రాయాలి. తప్పు జవాబులు కూడా రాయాలి. ఆ తర్వాత ఉత్త గుడ్డ మీద మేకుల నీళ్లు, తడిపిన మొదటి ముక్క మీద మేకుల నీళ్లు, రెండో ముక్క మీద పటిక నీళ్లు, మూడో ముక్క మీద మామూలు నీళ్లు చుక్కలుగా వేయించాలి.

నలుపు వచ్చేది ఒక్కదాని మీదే. పటిక వేసిన ముక్క పసుపుపచ్చగా తేలుతుంది. 'నలుపు మేకుల్లోంచి వచ్చిందా, కరక్కాయలోంచి వచ్చిందా?' అన్న ప్రశ్నకు పిల్లలు తగాదా పడతారు. పడనివ్వండి. రెండూ ఉంటేనే వచ్చిందని ఉత్త గుడ్డ, మామూలు నీళ్ల ముక్క చూపి వాళ్లలో ఒకరు చెప్పేదాకా టీచర్ చెప్పకూడదు. ఒకేసారి ఒక్క సంగతే మార్చి చూడటం అనే పద్ధతి అక్కడే, ఆ పేరు ఎత్తకుండానే, వాళ్లకు పట్టుబడుతుంది. చివర్లో నల్ల మచ్చ మీద నిమ్మరసం పిండితే రంగు వెలిసిపోతుంది. ఇళ్లకెళ్లి టీ డికాక్షన్‌తో చేసి చూడమనండి, టీలోనూ టానిన్ ఉంది కనుక నలుపు తేలుతుంది.

ఇప్పుడు టీచర్‌కు ఇచ్చే కాగితం రాయండి. ఒకే పేజీ. వస్తువులు, నాలుగు అడుగులు, అడగాల్సిన మూడు ప్రశ్నలు, పిల్లలు మామూలుగా చెప్పే తప్పు జవాబులు, జాగ్రత్తలు. రెండు పేజీలైతే ఎవరూ చదవరు. యూనిఫాం మీద ఆ నలుపు పడితే మామూలుగా ఉతికితే పోదన్న సంగతి కూడా అందులోనే రాయండి, లేదంటే తల్లుల ఫోన్లు మీకే వస్తాయి.

4. తప్పులు పట్టేవాళ్లను వెతుక్కోండి

సైన్స్ సరిగా ఉందో లేదో చూసేవాళ్లు ఒకరు, పిల్లలకు అందుతుందో లేదో చూసేవాళ్లు ఇంకొకరు కావాలి. మొదటి పనికి ఏర్పేడు దగ్గర ఐసర్, ఐఐటీ ఉన్నాయి, ఊళ్లో ఎస్వీ యూనివర్సిటీ, మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. పరిశోధక విద్యార్థులు గౌరవ వేతనానికి చూసిపెడతారు. రెండో పనికి రిటైరైన ప్రాథమిక పాఠశాల టీచర్‌ను మించినవాళ్లు లేరు.

కుప్పం దగ్గర గుడుపల్లెలో అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్ ఉంది. 1999లో మొదలైన ఆ సంస్థ సైన్స్ నమూనాలను వ్యాన్లలో పల్లె బడులకు తీసుకెళ్తుంది. మదనపల్లె వైపు రిషివ్యాలీ వాళ్లు ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు తమ వేగంతో నేర్చుకునే కార్డుల పద్ధతి తయారు చేశారు. అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993 నుంచీ ఉంది. కొత్తగా ఏదైనా కనిపెట్టే ముందు ఈ మూడూ చూసి రండి. చాలా సంగతులు అప్పటికే చేసి చూపినవే ఉంటాయి, మీ డబ్బు మిగులుతుంది.

5. బడిలోకి వెళ్లే దారి

ప్రైవేట్ బడిలో నిర్ణయం కరస్పాండెంట్‌ది. ప్రిన్సిపాల్‌కు నచ్చినా కరస్పాండెంటే ఊ అనాలి. మొదటిసారి ల్యాప్‌టాప్ తెరవకండి. నిమ్మరసం, కలంకారీ గుడ్డ బల్లమీద పెట్టి ఆయన చేతే చుక్క వేయించండి. ఐదు నిమిషాల పని. తర్వాత ఒక తరగతిలో ఉచితంగా ఒక పాఠం నడిపి చూపిస్తామని అడగండి. అంతకుమించి ఉచితం వద్దు. నెలంతా ఉచితంగా చేసినచోట రెండో నెల డబ్బడగడం కష్టం.

ప్రభుత్వ బడుల్లో హెచ్‌ఎం మంచివారైనా పైనుంచి అనుమతి ఉండాలి. మండల విద్యాశాఖాధికారిని (ఎంఈఓ), జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. అక్కడ అమ్మకం కంటే సీఎస్‌ఆర్ నిధులు, అంటే సామాజిక బాధ్యత కింద కేటాయించే డబ్బు, ఇచ్చే కంపెనీని వెతుక్కోవడమే ఆచరణలో కుదిరే దారి.

కాలం చూసుకోండి. జూన్‌లో కొత్త పుస్తకాలు, యూనిఫాంల హడావిడిలో మీ మాట వినే ఓపిక ఎవరికీ ఉండదు. పరీక్షల వారాల్లో తరగతి దొరకదు. జనవరిలో సంక్రాంతి దాటాక, మార్చిలోపు, వచ్చే ఏడాది కోసం మాట్లాడుకోవాలి.

6. ఇప్పుడు టెక్నాలజీ

మొదటి ఏడాదికి యాప్ అక్కర్లేదు. ప్రతి పాఠం పెట్టె మీద ఒక క్యూఆర్ కోడ్, అది తెరిస్తే టీచర్ కోసం మూడు నిమిషాల వీడియో, ఒక పేజీ పీడీఎఫ్. పాఠం అయ్యాక పిల్లల బొమ్మల ఫొటోలు పంపడానికి ఒక వాట్సాప్ నంబర్. పిల్లల ముఖాలు కాదు, వాళ్లు గీసిన బొమ్మలే. ఈ మాత్రంతోనే ఏ టీచర్ ఏ పాఠం చేశారో, ఎక్కడ ఆగిపోయారో తెలుస్తుంది. వీడియోలు తక్కువ సైజులో, డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా చూసేలా ఉంచండి. పాకాల, పుత్తూరు దాటి పల్లెలకు పోయేకొద్దీ సిగ్నల్ సంగతి మీకు తెలిసిందే.

భాష దగ్గర జాగ్రత్త. నగరి, కుప్పం, పలమనేరు పిల్లల్లో ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడేవాళ్లు ఎక్కువ. బడిలో మీడియం ఇంగ్లిష్, మాట తెలుగు. వీడియోలో తరగతి గది తెలుగే ఉండాలి, ముఖ్యమైన పదాలు తెరమీద రెండు లిపుల్లోనూ పడాలి. 'బాష్పీభవనం' పరీక్షకు కావాలి, కానీ 'నీళ్లు ఆవిరైపోయాయి' అన్నాకే అది రావాలి. వేరుశనగ అని రాసినా గొంతుతో చెప్పేటప్పుడు చెనిక్కాయ అనండి, తప్పులేదు.

రెండో ఏడాది యాప్ చేసినా అది టీచర్ యాప్ అవ్వాలి. ఇందుకు చట్టపరమైన కారణమూ ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించిన అనుమతి కావాలి. మినహాయింపులు ఇచ్చినచోట తప్ప, పిల్లల అలవాట్లను గమనిస్తూ పోవడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపడం కుదరదు. ఈ బాధ్యతలు తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు మీ దగ్గర లేకపోతే ఆ టెన్షనే లేదు.

7. పెట్టెలో పెట్టకూడనివి

గాజు పరికరాలు, పాదరసం థర్మామీటర్, బటన్ సెల్‌లు, మింగగలిగేంత చిన్న అయస్కాంతాలు, అగ్గిపెట్టె. వేడినీళ్లు అవసరమైన చోట టీచరే పోయాలి. చెనిక్కాయ పప్పుతో చేసే పాఠాలకు ముందు అలర్జీ ఉన్న పిల్లలున్నారేమో అడగాలి. 14 ఏళ్లలోపు పిల్లల ఆట వస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మీ పెట్టెను దుకాణంలో ఆట వస్తువుగా అమ్మే ఆలోచన ఉంటే, అది ఆ ఉత్తర్వు కిందకు వస్తుందో రాదో ఆ గుర్తు ఇచ్చే బీఐఎస్‌ (భారత ప్రమాణాల సంస్థ)ను అడిగి తేల్చుకున్నాకే ముద్రణకు ఇవ్వండి.

8. లెక్క వేసి చూడండి

ఇవి కేవలం ఉదాహరణ అంకెలు, మీవి మీరు వేసుకోండి. తరగతికి 40 మంది, ఒక పాఠానికి వస్తువులు 240 రూపాయలు, అంటే పిల్లకు 6. ఏడాదికి 24 పాఠాలకు 144. మీ శిక్షకురాలు రోజుకు నాలుగు తరగతుల చొప్పున వారానికి 20 తరగతులు చేస్తే 800 మంది పిల్లలు. నెలకు 18,000 జీతమైతే ఏడాదికి 2,16,000, పిల్లకు 270. ప్రయాణం, ముద్రణ 60. మొత్తం 474. బడి నుంచి 900 తీసుకుంటే 426 మిగులుతుంది. ఆఫీసు అద్దె, పాఠాలు రాసేవాళ్ల జీతాలు, ఆలస్యంగా వచ్చే బకాయిలు, అన్నీ అందులోంచే.

ఇప్పుడు బడి టీచరే పాఠం చెప్పి, మీ శిక్షకురాలు నెలకొకసారి వచ్చి చూసి సాయం చేసే పద్ధతి అనుకోండి. అదే మనిషి నాలుగింతల పిల్లలకు సరిపోతుంది, 270 కాస్తా 70 లోపుకు దిగుతుంది. టీచర్‌ను మీ మనిషిని చేసుకోవడం మంచి చదువు మాత్రమే కాదు, వ్యాపారం నిలబడే దారి కూడా అదే. శిక్షకుల కోసం కార్వేటినగరం డైట్‌లో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) డీఎడ్ చేసినవాళ్లను అడగండి, చిన్న పిల్లలతో మాట్లాడటం వాళ్లకు నేర్పి ఉంటారు.

9. కాగితాల పని

దీన్ని తొందరగా ముగిద్దాం. ఇద్దరు భాగస్వాములుంటే ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) చాలు, పెట్టుబడి తెచ్చే ఆలోచన ఉంటే ప్రైవేట్ లిమిటెడ్. స్టార్టప్ ఇండియా గుర్తింపు వీటికి దొరుకుతుంది, సొంత పేరు మీద నడిపే ప్రొప్రైటర్‌షిప్‌కు రాదు. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ తీసుకోవాలి. బడులు తమ విద్యార్థులకు చెప్పే చదువుకు ఉన్న మినహాయింపు మీలాంటి బయటి సంస్థకు దానంతటదే రాదు, 18 శాతం ధరలో కలిపి చెప్పాలో లేదో ఆడిటర్‌తో ముందే మాట్లాడుకోండి.

10. నేర్చుకున్నారని ఎలా తెలుస్తుంది

మార్కుల పరీక్ష పెట్టకండి. పాఠానికి ముందు ఒకే ప్రశ్న అడిగి జవాబు బొమ్మగా గీయించండి. 'చక్కెర నీళ్లలో కరిగాక ఎక్కడుంది?' అంటే చాలామంది ఖాళీ గ్లాసు గీస్తారు. పాఠం అయ్యాక మళ్లీ, నెల తర్వాత ఇంకోసారి అదే ప్రశ్న. మూడో బొమ్మలో గ్లాసు నిండా చుక్కలు ఉంటే పాఠం నిలిచినట్టు. మొదటి రెండింట్లో బాగా వచ్చి మూడోదాంట్లో మళ్లీ ఖాళీ గ్లాసు వస్తే తప్పు పిల్లలది కాదు, పాఠం మార్చాలి. గుమ్మడికాయ తేలి గోలీ మునిగే పాఠంలో ఇలాగే జరగడానికి అవకాశం ఎక్కువ, 'బరువైనవి మునుగుతాయి' అన్న నమ్మకం అంత తేలిగ్గా వదలదు. దానికి రెండు పాఠాలు కేటాయించండి.

పిల్లలు అడిగిన ప్రశ్నలు రాయడానికి ప్రతి తరగతిలో ఒక నోటుబుక్ వేలాడదీయండి. 'బంగారు బల్లి నిజంగా బంగారమా?', 'ఎర్రచందనం ఇక్కడే ఎందుకు పెరుగుతుంది?' వంటి ప్రశ్నలే వచ్చే ఏడాది పాఠాలకు ముడిసరుకు.

ఫిబ్రవరిలో రెండో ఏడాది గురించి మాట్లాడటానికి వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు, ఒకే పిల్ల గీసిన మూడు బొమ్మలు పట్టుకెళ్లండి. పిల్ల పేరు కనబడకుండా కప్పేయండి. ఒప్పందం కాగితం మీద పిల్లల సంఖ్య, పాఠాల సంఖ్య, డబ్బు జూన్, అక్టోబర్, జనవరి నెలల్లో మూడు విడతలుగా అని రాయించుకోండి. బడులు ఫీజులు వసూలు చేసుకునే తీరుకు అది సరిపోతుంది కాబట్టి కరస్పాండెంట్లు సాధారణంగా కాదనరు. జూన్ విడత ఖాతాలో పడ్డాకే పెట్టెలు పంపండి.